‘విట్రా’ను ‘ఈవిల్ డెడ్’ పక్కన పెట్టి చూడడం ఎలా?

అడవి మధ్యలో పాత ఇల్లు, సెలవులు గడపడానికి వచ్చిన కుర్రకారు, ఆ ఇంటి నేలలో ఒక తలుపు, దాని కింద చీకటి గది, ఆ గదిలోకి దిగి తిరిగి వచ్చిన అమ్మాయి కళ్లలో ఏదో మార్పు. సోనీ లగూనా, టామీ విక్లుండ్ అనే ఇద్దరు స్వీడిష్ దర్శకులు 2012లో తీసిన ‘విట్రా’ సినిమా కథను ఇంతవరకు చెప్పగానే, హారర్ సినిమాలు చూసే అలవాటున్నవారెవరైనా ‘ఇది ఈవిల్ డెడ్ కదా’ అంటారు. అనడంలో తప్పేమీ లేదు. సామ్ రైమీ 1981లో తీసిన ఆ అమెరికన్ చిత్రానికి ఈ సినిమా పడ్డ బాకీ దాచినా దాగేది కాదు, దాచాలని దర్శకులు ప్రయత్నించినట్టు కూడా కనిపించదు. ఇతర దేశాల్లో ‘విదర్’ అన్న పేరుతో తిరిగిన ఈ చిత్రం గురించి ఎవరు మాట్లాడినా ముందుగా వచ్చే మాట ఈ పోలికే.

పోలిక పట్టుకోవడంతో సినిమా చూడడం పూర్తయిపోదు. అక్కడ ఆగిపోయేవారికి ఈ వ్యాసంతో పని లేదు. ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూసి, ఆ తరువాత స్నేహితులతో చర్చించాలనో, సమీక్ష రాయాలనో అనుకునేవారి కోసం ఒక పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెప్పడం న్యాయం: ‘విట్రా’ లోపం అరువు తెచ్చుకోవడంలో లేదు, తన నేల మీద పుట్టిన ఒక అరుదైన సరుకు చేతిలో ఉండి కూడా, దానితో పరాయి సినిమా పనినే చేయించడంలో ఉంది. మీరు దీనితో ఏకీభవించకపోవచ్చు. కాదనడానికైనా రెంటినీ చూసే పద్ధతి ఒకటే.

ఏది ముందు, ఏ ప్రతి

మూలాన్నే ముందు చూడాలి. ‘ఈవిల్ డెడ్’ను వీడియో క్యాసెట్ల కాలంలో ఎప్పుడో చూశాం, గుర్తుంది అనుకునేవారు కూడా మళ్లీ చూడాలి, ఎందుకంటే ఆ సినిమా గురించి మనకు గుర్తున్నదానిలో చాలా భాగం 1987లో వచ్చిన రెండవ భాగంలోనిది. తెగిన చేతి స్థానంలో రంపాన్ని బిగించుకున్న కథానాయకుడు, వెకిలి నవ్వు నవ్వే గది, హాస్యంలోకి జారిపోయే రక్తపాతం, ఇవన్నీ రెండవ భాగపు విశేషాలు. మొదటిది వాటికంటే చాలా కరకైన సినిమా. ‘విట్రా’ అరువు తెచ్చుకున్నది ఆ మొదటి సినిమా నుంచే గనుక జ్ఞాపకం మీద ఆధారపడి పోల్చడం మొదలుపెడితే లెక్క మొదట్లోనే తప్పుతుంది. 2013లో ఫెదే అల్వారెస్ తీసిన అధికారిక పునర్నిర్మాణాన్ని కూడా ఈ దశలో పక్కన పెట్టండి. ‘విట్రా’ దానికంటే ముందే పూర్తయింది, కాబట్టి ఆ రెంటి మధ్య కనిపించే పోలికలకు కారణం ఇద్దరూ ఒకే మూలానికి వెళ్లడమే.

ఏ ప్రతిని చూడాలన్న విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. ‘ఈవిల్ డెడ్’ను 16 మిల్లీమీటర్ల ఫిల్ముపై చిత్రీకరించి, సినిమాహాళ్ల కోసం 35 మిల్లీమీటర్లకు పెంచారు. అందువల్ల దాని అసలు చట్రం పాత టీవీ తెరలా చతురస్రానికి దగ్గరగా ఉంటుంది. తరువాత వచ్చిన కొన్ని ప్రతుల్లో పైనా కిందా కత్తిరించి వెడల్పు తెరకు సరిపెట్టారు. నేల, నేలలోని తలుపు, పైకప్పు, ఈ మూడింటి మధ్య నడిచే సినిమాలో పైనా కిందా పోవడం చిన్న నష్టం కాదు, కాబట్టి చతురస్రపు ప్రతి దొరికితే అదే చూడండి. రెండవది, బ్రిటన్‌తో సహా అనేక దేశాల్లో ఈ చిత్రం సెన్సారు కోతలకు గురైంది, కాబట్టి కోత లేని ప్రతిని వెతుక్కోవాలి. అందులో అడవిలోని చెట్ల తీగలు ఒక యువతిపై లైంగిక దాడి చేసే సన్నివేశం ఉన్న సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది. నాకు అది అప్పుడూ ఇప్పుడూ అనవసరంగానే అనిపిస్తుంది. ‘విట్రా’ను మాత్రం స్వీడిష్ మాటలతోనే, ఉపశీర్షికలతో చూడాలి. ఆ మాటల తీరు, ఆ మౌనం పోతే, సినిమాలో స్వీడన్‌కు చెందినవాటిలో సగం పోతుంది.

రెంటినీ ఒకే రాత్రి చూడవద్దు. మొదటిదాని హోరు చెవుల్లో ఉండగా రెండవది చూస్తే ఏదైనా చప్పగానే ఉంటుంది. నాలుగైదు రోజుల విరామం ఇచ్చి, ఆ విరామంలో విట్రా అంటే ఎవరో కొంచెం చదువుకోవాలి.

మూలంలో ఏం గమనించాలి

ఇరవై ఏళ్ల సామ్ రైమీ, నిర్మాత రాబర్ట్ టాపర్ట్, నటుడు బ్రూస్ క్యాంప్‌బెల్, మరికొందరు స్నేహితులు 1979 చివర్లో టెనెస్సీ రాష్ట్రంలోని మోరిస్‌టౌన్ దగ్గర ఒక పాడుబడ్డ ఇంట్లో చలికాలమంతా తంటాలు పడి ఈ సినిమా తీశారు. అంతకుముందు పెట్టుబడిదారులకు చూపించడానికి 1978లో ఒక లఘుచిత్రం తీసి, దాని ఆధారంగా డబ్బు పోగుచేశారు. కెమెరాను కుదుపు లేకుండా నడిపే స్టెడీకామ్ లాంటి ఖరీదైన పరికరం అందుబాటులో లేక, కెమెరాను ఒక చెక్క పలకకు బిగించి, ఆ పలక రెండు చివరలను ఇద్దరు పట్టుకుని అడవిలో పరుగెత్తారు. నేలకు అతి దగ్గరగా, పొదలను రాసుకుంటూ, ఇంటి వైపు దూసుకొచ్చే ఆ దృష్టి ఎవరిదో సినిమా చివరిదాకా మనకు చూపించరు. ఆ శక్తికి శరీరం లేదు, చప్పుడూ వేగమూ మాత్రమే ఉన్నాయి. చివరి షాట్‌లో అది ఇంటి వెనుక నుంచి దూరి, గదులన్నీ దాటి, ముందు తలుపు పగలగొట్టుకుని కథానాయకుడి ముఖం మీదికి వచ్చి ఆగుతుంది.

రెండవసారి చూసేటప్పుడు ఒక సన్నివేశాన్ని పదేపదే వెనక్కి తిప్పి చూడమని నా సలహా. కథానాయకుడు యాష్ ప్రియురాలు లిండా, స్నేహితురాలు షెల్లీ కాలక్షేపానికి పేకముక్కలతో ఒక ఆట ఆడుతుంటారు: ఒకరు ముక్కను బోర్లించి పట్టుకుంటే, అదేమిటో రెండవవారు చెప్పాలి. అడవిలో దాడికి గురై తిరిగి వచ్చిన యాష్ చెల్లెలు షెరిల్ వాళ్లకు వీపు పెట్టి కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. తటాలున ఆమె నోటి నుంచి ముక్కల పేర్లు ఒక్కొక్కటే వరుసగా, తప్పు లేకుండా రావడం మొదలవుతుంది. గొంతు వేగం పెరుగుతుంది, ఆపై ఆమె ఇటు తిరుగుతుంది. కళ్లు తెల్లగా ఉంటాయి. కొన్ని క్షణాలకే పెన్సిల్ తీసుకుని లిండా చీలమండలో గుచ్చుతుంది. రక్తం కంటే ముందు వచ్చిన ఆ పేకముక్కలే ఇక్కడ అసలు భయం. తమ మధ్య కూర్చున్న మనిషి తమకు తెలిసిన మనిషి కాదని ఒక ఆట ద్వారా తెలియడం, కాలక్షేపం చేసే గదిలోనే అది జరగడం, ఇదంతా ఒకటిన్నర నిమిషం సరుకు.

దాని తరువాత షెరిల్‌ను నేలమాళిగలోకి తోసి, పైతలుపుకు గొలుసు వేస్తారు. అక్కడి నుంచి సినిమా చాలాసేపు ఆ తలుపు సందులోంచి పైకి చూసే ఒక ముఖంతో నడుస్తుంది. చెల్లెలు అన్న కాళ్ల కిందే ఉంది, మాట్లాడుతోంది, ఎగతాళి చేస్తోంది. నేలలో తలుపు అనే వస్తువు రైమీ చేతిలో ఏం పని చేసిందో ఇక్కడ కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే ‘విట్రా’లో అదే వస్తువు మళ్లీ ఎదురవుతుంది.

విరామంలో చదవాల్సింది

స్వీడన్ ఉత్తర ప్రాంతాన్ని నూర్లాండ్ అంటారు. అక్కడి జానపద విశ్వాసాల్లో విట్రాలు భూమి కింద, మనుషులకు ఆనుకునే, మనుషుల్లాగే సంసారాలు చేసుకుంటూ బతికే అదృశ్య జనం. వాళ్లకు ఇళ్లుంటాయి, పశువుల మందలుంటాయి, ఆ పశువులు పాలు బాగా ఇస్తాయని ప్రతీతి. వాళ్లు నడిచే దారులు ఉంటాయి. ఆ దారికి అడ్డంగా ఇల్లు కట్టినవాడికి నిద్ర ఉండదు, పశువులు నిలవవు, రాత్రుళ్లు చప్పుళ్లు వినిపిస్తాయి. వేడినీళ్లు నేల మీద పారబోసేముందు కింద ఉన్నవారిని హెచ్చరించాలని పెద్దలు చెప్పేవారు. సాధారణంగా విట్రాలు మనిషి జోలికి రావు, కానీ వాళ్ల జోలికి వెళ్తే ఊరుకోరు. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ పిల్లల నవలలో వచ్చే రెక్కల జీవులకు ఇలాంటి పేరే ఉన్నా అవి వేరు, ఈ రెంటినీ కలపవద్దు.

ఈ విశ్వాసంలో భయం ఎక్కడి నుంచి పుడుతోందో చూడండి. ‘ఈవిల్ డెడ్’లో చెడు రావడానికి ఒక పుస్తకం ఉంది, టేపు రికార్డర్‌లో ఒక ప్రొఫెసర్ గొంతు ఉంది, ఆ గొంతు చదివిన మంత్రం ఉంది. అంటే మనిషి పిలిస్తే వచ్చింది. విట్రాను ఎవరూ పిలవనక్కరలేదు. అది ముందు నుంచీ అక్కడే ఉంది, మనిషే దాని ఇంటి మీద ఇల్లు కట్టుకున్నాడు. ఇరుగుపొరుగు తగాదా స్వభావం గల ఈ భయానికి పరిష్కారం కూడా పాత కథల్లో అలాగే ఉంటుంది: పశువుల కొట్టాన్ని మరోచోటికి మార్చుకోవాలి, తలుపు దిక్కు మార్చుకోవాలి, సర్దుకుపోవాలి. గొడ్డలితో నరకడం దీనికి పరిష్కారం కాదు.

ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. స్వీడన్ భూభాగంలో మూడింట రెండు వంతులకు పైగా అడవే. స్టూగా అని వాళ్లు పిలుచుకునే చిన్న వేసవి ఇల్లు అక్కడి కుటుంబాల జీవితంలో మామూలు భాగం. టెనెస్సీ కొండల్లో అద్దెకు తీసుకున్న ముక్కూమొహం తెలియని ఇల్లు పట్నపు అమెరికన్ విద్యార్థులకు పరాయిదై భయపెట్టింది. స్వీడిష్ ప్రేక్షకుడికి అడవిలోని ఇల్లు పరాయిది కాదు, అది అమ్మమ్మగారి ఇల్లంత దగ్గరిది. అందుచేత అదే రంగస్థలం అక్కడ వేరే రకంగా భయపెట్టాలి. భయపెట్టిందా లేదా అన్నది మీరు ‘విట్రా’ చూస్తూ తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న.

‘విట్రా’ చూస్తూ ఏం రాసుకోవాలి

పోలికల పట్టిక రాయవద్దు. అది పది నిమిషాల్లో నిండిపోతుంది, ఆ తరువాత మీ కళ్లు దానిని నింపడానికే సినిమా చూస్తాయి. దానికి బదులు, అరువు వచ్చిందని మీకు అనిపించిన ప్రతి వస్తువు దగ్గర ఒకే ప్రశ్న వేసుకోండి: మూలంలో ఇది చేసిన పని ఏది, ఇక్కడ చేస్తున్న పని ఏది?

ఈ ప్రశ్న వేయడానికి ముందు ఒక వడపోత అవసరం. అడవిలో ఇల్లు, యువతీయువకుల గుంపు, ఒక్కొక్కరే పోవడం, హెచ్చరించే ముసలివాడు, ఇవి ‘ఈవిల్ డెడ్’ సొత్తు కావు, ఈ తరహా చిత్రాలన్నీ పంచుకునే ఉమ్మడి ఆస్తి. రైమీ కూడా వీటిని తనకంటే ముందు వచ్చిన సినిమాల నుంచి తీసుకున్నవాడే. ‘ఈవిల్ డెడ్’కే ప్రత్యేకంగా చెందినవి వేరే ఉన్నాయి: నేలతలుపు కింద బందీ అయిన ఆప్తురాలు, తెల్లబడ్డ కళ్లతో ఎగతాళి చేసే స్నేహితులు, ఒకరి తరువాత ఒకరికి అంటుకునే దయ్యపు పూనకం, శరీరాన్ని ముక్కలు చేస్తే తప్ప ఆగని చెడు, ప్రేమించిన మనిషి మీద ఆయుధం ఎత్తవలసి రావడం. ‘విట్రా’ మీద అభియోగం మోపేటప్పుడు ఈ రెండవ జాబితానే లెక్కలోకి తీసుకోవాలి. మొదటిదాన్ని కూడా కలిపేస్తే ఈ తరహా సినిమాలు తీసినవాళ్లందరినీ బోనెక్కించాల్సి వస్తుంది.

ఈ వడపోత తరువాత కూడా ‘విట్రా’ బాకీ తక్కువేమీ కాదు. ఆల్బిన్, ఇదా అనే జంట, వాళ్ల స్నేహబృందం అడవిలోని ఇంటికి వస్తారు. మారీ అనే అమ్మాయి నేలతలుపు తెరిచి కిందికి దిగుతుంది, అక్కడున్నదాన్ని చూస్తుంది, తిరిగి వచ్చాక ఆమె ఆమెగా ఉండదు. అక్కడి నుంచి గాయాల ద్వారా ఒకరి నుంచి మరొకరికి అది పాకుతుంది. తుపాకి పట్టుకుని అడవిలో తిరిగే గున్నార్ అనే పెద్దాయన, ఆ ఇంటి కింద ఉన్నదేమిటో తన అనుభవంతో తెలిసినవాడు, పుస్తకమూ టేపు రికార్డరూ చేయాల్సిన పనిని మాటల్లో చేస్తాడు. ఆ పాత్రలో యొహానెస్ బ్రోస్ట్ నటన సినిమా మొత్తంలో మనిషి బరువు తెలిసే చోటు. ఒక యంత్రంలోంచి వచ్చే అపరిచిత స్వరం స్థానంలో, తన కుటుంబం మీద దెబ్బ తిన్న మనిషిని నిలబెట్టడం అరువులో జరిగిన మంచి మార్పు అని నేను లెక్క వేస్తాను. అదే ప్రశ్న మరో విధంగా వేస్తే, అతను చెప్పేది విన్న తరువాత ఆ కుర్రవాళ్ల ప్రవర్తనలో ఏమైనా మారిందా? ఇక్కడ మీ సమాధానం రాసుకోండి. నా కాగితం మీద ‘పెద్దగా లేదు’ అని ఉంది.

ఇప్పుడు నేలతలుపు. రైమీ సినిమాలో అది సగం సినిమా పాటు తెరుచుకోబోయే నోరు. మనవాళ్లనుకున్నవాళ్లే దాని కింద ఉంటారు. ‘విట్రా’లో అది ప్రధానంగా ద్వారం: ఒకరు దిగారు, ఏదో తెచ్చారు, ఆ తరువాత కథ పైగదుల్లో నడుస్తుంది. విట్రా అసలు నివాసం భూమి కిందే అయినప్పుడు, నేలతలుపుకు మూలంలో లేని అర్థం వచ్చే అవకాశం ఇక్కడే ఉంది. అది మన ఇంటి నేలమాళిగ కాదు, వాళ్ల ఇంటి పైకప్పు. ఈ మాటను సినిమా ఒక్కసారైనా పూర్తిగా ఉపయోగించుకుని ఉంటే, పోలికల పట్టిక ఎంత పొడవున్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు. మారీ మారిపోయిన తరువాత విట్రా అనే జీవి క్రమంగా వెనక్కి తగ్గి, దాని పేరుతో తిరిగే రోగులే తెర నిండా మిగులుతారు. వాళ్లు చేసేదంతా తెల్లకళ్ల అమెరికన్లు 1981లో చేసిందే.

శరీరం లేని శక్తికి, రూపం ఉన్న జీవికి మధ్య తేడాను కూడా గమనించండి. రైమీ పరుగెత్తే కెమెరా వెనుక ఏమీ లేదు గనుక ప్రేక్షకుడు దాన్ని తనకు తోచినదానితో నింపుకుంటాడు. ‘విట్రా’ తన జీవిని నేలమాళిగ చీకట్లో ఒక రూపంగా చూపుతుంది. జానపద జీవి అయినందున రూపం ఉండడం సబబే, కానీ చూపించిన తరువాత దాని గురించి మనకు ఏదో ఒకటి కొత్తగా తెలియాలి.

రక్తం గురించి నిజాయితీగా

ఈ తరహా సినిమాల మీద రాసేవారు రక్తపాతం దగ్గరికి వచ్చేసరికి చేతులు దులుపుకుంటారు. పనితనాన్ని తూచాల్సింది అక్కడే. ‘ఈవిల్ డెడ్’లో రక్తం మొక్కజొన్న పాకం, రంగు, కాఫీలో కలిపే పాలపొడి లాంటి పదార్థంతో చేసినది. టామ్ సలివాన్ వేసిన మేకప్, చివర్లో శరీరాలు కుళ్లి కరిగిపోయే దృశ్యాల కోసం ఒక్కొక్క ఫ్రేమూ చేత్తో కదిపి తీసిన యానిమేషన్ ఇప్పుడు చూస్తే బొమ్మలాటలా అనిపిస్తాయి. నటులు కళ్లలో పెట్టుకున్న దళసరి లెన్సుల వల్ల వాళ్లకు దాదాపు ఏమీ కనిపించేది కాదు. ఆ తడుముకునే నడక, తల తిప్పే తీరు కూడా భయంలో భాగమయ్యాయి.

‘విట్రా’ చేతిపనినే నమ్ముకున్న సినిమా. గాయాలు, చర్మం, పళ్లు, నేల మీద జారే తడి, వీటికి బరువు ఉంది, కంప్యూటర్ బొమ్మల తేలికతనం లేదు. చిన్న బృందం, కొద్దిపాటి డబ్బుతో ఈ స్థాయి సాధించడాన్ని తక్కువ చేసి రాయడం అన్యాయం. చూసేటప్పుడు ప్రతి హింసాత్మక దృశ్యం దగ్గరా దెబ్బ ముందు కెమెరా ఎవరి ముఖం మీద ఉందో, దెబ్బ తరువాత ఎవరి ముఖం మీదికి వెళ్లిందో గుర్తించండి. రైమీ తరచుగా అతిశయోక్తి వైపు, నవ్వు అంచు వైపు వెళ్తాడు. అతని కథానాయకుడి మీద పడే రక్తం ఒక దశ దాటాక వింత వేడుకలా తోస్తుంది. లగూనా, విక్లుండ్ నవ్వరు. వాళ్ల సినిమాలో చంపవలసి వచ్చినవాడి ముఖంలో దుఃఖం ఉంటుంది. లిండాను రంపంతో కోయలేక, ఆమె మెడలోని గొలుసు చూసి ఆగిపోయి, బయటికి మోసుకెళ్లి పూడ్చిపెట్టే యాష్ గుర్తున్నాడు కదా? రైమీ అక్కడ కొద్ది నిమిషాలు నిలిపిన ఆ వేదన మీద స్వీడిష్ సినిమా ఆల్బిన్, ఇదాల కథలో చాలా ఎక్కువ బరువు పెట్టింది. అరువు సొమ్ముకు నిజంగా వడ్డీ పుట్టిన చోటు ఇదేనని నా లెక్క. ముగింపు చెప్పను గానీ, ఆ జంట మధ్య సన్నివేశాలను మిగతావాటికంటే నెమ్మదిగా చూడండి.

ఈ చిత్రం వచ్చిన సమయం కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. 1911లో ఏర్పడిన స్వీడిష్ సినిమా సెన్సారు సంస్థ ప్రపంచంలో మొట్టమొదటి సెన్సారు సంస్థల్లో ఒకటి. పెద్దల సినిమాలకు కోతలు విధించే అధికారం 2011 జనవరి 1తో రద్దయింది, పిల్లల వయోపరిమితులు నిర్ణయించడం మాత్రమే మిగిలింది. 1980 డిసెంబరులో అక్కడి టీవీ చర్చాకార్యక్రమం ఒకటి వీడియోల్లో హింస గురించి దేశమంతటా గగ్గోలు పుట్టించింది. అలాంటి దేశంలో, కోత భయం తొలగిన మరుసటి ఏడాదే ఇంత రక్తం తెర మీదికి వచ్చిందంటే దాన్ని కేవలం విదేశీ మోజుగా కొట్టిపారేయలేం.

దారి రెండు వైపులా ఉంది

స్వీడన్ ఎప్పుడూ తీసుకునేదే, అమెరికా ఎప్పుడూ ఇచ్చేదే అన్న అపోహతో రాయకూడదు. ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1960లో తీసిన ‘ది వర్జిన్ స్ప్రింగ్’ మధ్యయుగపు స్వీడిష్ జానపద గేయం ఆధారంగా వచ్చింది. కూతురిని చెరిచి చంపినవాళ్లే తెలియక ఆ తండ్రి ఇంటికి ఆశ్రయం కోరి వస్తారు. వెస్ క్రేవెన్ 1972లో తన మొదటి హారర్ చిత్రం ‘ది లాస్ట్ హౌస్ ఆన్ ది లెఫ్ట్’కు ఈ కథనే ఎత్తుకుని, తన కాలపు అమెరికాలోకి తెచ్చాడు. బెర్గ్‌మన్ సినిమాలో చర్చి కట్టిస్తానని దేవుడికి మొక్కే తండ్రి క్రేవెన్ సినిమాలో లేడు, కూతురు చనిపోయిన చోట పుట్టిన చెలమ కూడా ఇక్కడ పుట్టదు. కథ చట్రం అదే, అది మోసే అర్థం పూర్తిగా మారింది. ‘విట్రా’ను తూచడానికి ఇంతకంటే మంచి తూనికరాయి దొరకదు, వీలైతే ఈ జంటను కూడా చూడండి.

క్రేవెన్, రైమీల మధ్య నడిచిన ఇంకో ముచ్చట కూడా ఉంది. క్రేవెన్ 1977 నాటి ‘ది హిల్స్ హావ్ ఐస్’లో చిరిగిన ‘జాస్’ పోస్టరు ఒకటి కనిపిస్తుంది. దానికి జవాబుగా రైమీ ‘ఈవిల్ డెడ్’ నేలమాళిగలో చిరిగిన ‘హిల్స్ హావ్ ఐస్’ పోస్టరు పెట్టాడు. క్రేవెన్ 1984లో తన ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’లో కథానాయిక టీవీలో ‘ఈవిల్ డెడ్’ చూస్తున్నట్టు చూపించాడు. 1987లో ‘ఈవిల్ డెడ్’ రెండవ భాగంలో క్రేవెన్ విలన్ కత్తుల చేతితొడుగు గోడకు వేలాడింది. తీసుకున్నవాడు ఇచ్చినవాడి పేరు చెప్పుకునే మర్యాద ఈ తరహా సినిమాల్లో ఇంత బాహాటంగా ఉంది. ‘విట్రా’లో ఇలాంటి పలకరింపులు మీకు ఎక్కడైనా కనిపిస్తే రాసుకోండి, నివాళికీ నకలుకూ మధ్య గీత గీయడానికి అవి పనికొస్తాయి.

సమీక్ష రాసేటప్పుడు

మన సమీక్షల్లో ‘ఫ్రీమేక్’ (హక్కులు కొనకుండా చేసే రీమేక్) అన్న మాట ఇప్పుడు ఎంత విరివిగా దొర్లుతోందో అందరికీ తెలుసు. ఆ మాటలో చోరీ అన్న ఆరోపణ ఉంది గనుక, వాడేముందు మన సుప్రీంకోర్టు చెప్పినదొకటి గుర్తు పెట్టుకోవడం మంచిది. ‘హమ్ హిందుస్తానీ’ నాటక రచయిత ఆర్.జి. ఆనంద్, ‘న్యూ ఢిల్లీ’ సినిమా తీసినవాళ్ల మీద నడిపిన కేసులో 1978లో వచ్చిన తీర్పు ప్రకారం, ఆలోచన మీద, ఇతివృత్తం మీద ఎవరికీ కాపీరైటు ఉండదు. ఆ ఆలోచనకు ఇచ్చిన రూపానికే ఉంటుంది. రెంటినీ చూసిన ప్రేక్షకుడికి రెండవది మొదటిదానికి నకలేనన్న అభిప్రాయం నిస్సందేహంగా కలిగితేనే ఉల్లంఘన. ఆ కేసులో ఆనంద్ ఓడిపోయాడు. ఇది భారతీయ చట్టం, స్వీడన్‌కో అమెరికాకో వర్తించదు, అయినా సమీక్షకుడి చేతిలో మంచి గీటురాయి.

‘విట్రా ఈవిల్ డెడ్‌కు కాపీ’ అన్న వాక్యంతో మొదలుపెడితే సమీక్ష అక్కడే అయిపోతుంది, చదివేవాడికి ఇంకేమీ మిగలదు. దానికి బదులు ఒక్క వస్తువును ఎంచుకుని దాని గురించే రాయండి. నేలతలుపు, గున్నార్ కథ, జంట మధ్య దుఃఖం, ఏదైనా సరే, అది మూలంలో చేసిన పనినీ ఇక్కడ చేసిన పనినీ రెండు పేరాల్లో చూపితే, తక్కిన అభిప్రాయాన్ని పాఠకుడు తనే ఏర్పరచుకోగలడు. దర్శకుల మనసులో ఏముందో ఊహించి రాయకండి. తెర మీద ఉన్నది చాలు. ‘స్ఫూర్తి’ అన్న మాటను మర్యాదకోసం వాడకండి, వాడితే ఏది స్ఫూర్తి పొందిందో చెప్పండి. మూలాన్ని ఆకాశానికి ఎత్తడం కూడా అవసరం లేదు; ‘ఈవిల్ డెడ్’లో సంభాషణలు పేలవం, పాత్రలు పలచన, ఆ విషయంలో ‘విట్రా’ మెరుగైన చోట్లు ఉన్నాయని ఒప్పుకోవడానికి ఎవరూ జంకనక్కరలేదు.

ఇవన్నీ అయ్యాక ఓపిక ఉంటే మరొక సినిమా చూడవచ్చు. అరువు సరుకుతో పేరు తెచ్చుకున్న ఇదే జోడీకి కొన్నాళ్లకు అమెరికన్లే ఒక పాత హారర్ పరంపరను అప్పజెప్పారు. ‘పపెట్ మాస్టర్’ కీలుబొమ్మల కథల్లో 2018లో వచ్చిన ‘ది లిటిలెస్ట్ రైక్’కు దర్శకులు లగూనా, విక్లుండ్. ఈసారి మూలాన్ని చట్టబద్ధంగా చేతిలో పెట్టి మరీ ఇచ్చారు. పైన చెప్పిన ప్రశ్ననే పట్టుకుని దాన్ని కూడా చూసి, అనుమతితో తీసుకున్నదాన్ని వాళ్లు ‘విట్రా’లో కంటే స్వేచ్ఛగా వాడుకున్నారో, మరింత జాగ్రత్తపడ్డారో మీరే తేల్చండి.